తామరకు ట్యూబా, మాత్రా? ఏది ఎప్పుడు మేలు

కర్నూలులోనో కడపలోనో ఏ మెడికల్ షాపు ముందైనా కాసేపు నిలబడండి. ఈ మాట వినిపించక మానదు: "అన్నా, గజ్జల్లో ఒకటే దురద. మంచి ట్యూబు ఒకటి ఇయ్యి." షాపాయన అరలోంచి తీసిచ్చేది చాలాసార్లు మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు. రెండో రోజుకల్లా దురద ఆగుతుంది. ట్యూబు ఆపిన వారానికి మళ్లీ మొదలవుతుంది. ఇంకో ట్యూబు కొంటారు. ఇలా నెలలు గడిచేసరికి గజ్జల్లోని మచ్చ నడుము చుట్టూ తిరిగి పిరుదుల మీదికి, అక్కడి నుంచి ఇంట్లో వాళ్లకూ చేరుతుంది.

తామరకు మన ముందున్న దారులు మూడు: ఈ కలగలుపు ట్యూబు, ఫంగస్ మందు ఒక్కటే ఉన్న మామూలు క్రీము, నోట్లోకి వేసుకునే మాత్రలు. మొదటిది ఎవరికీ మేలు చేయదు. రెండోది సరిపడా రాస్తే చిన్న మచ్చలు చాలావరకు తగ్గుతాయి. మూడోది కొందరికి తప్పదు. ఆ కొందరెవరన్నది దురద ఎంత ఉందన్న దాన్ని బట్టి తేలదు, ఫంగస్ ఎక్కడ కూర్చుందన్న దాన్ని బట్టి తేలుతుంది.

కలగలుపు ట్యూబులో ఏముంటుంది

పెట్టె మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, బెక్లోమెథాసోన్, ఫ్లూసినోలోన్... వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. దానికి తోడు టెర్బినాఫిన్ లాంటి ఫంగస్ మందు, ఆఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్, ఆర్నిడజోల్ కూడా కలిపి అమ్ముతారు. తామరకు పనికొచ్చేది వీటిలో ఒక్క ఫంగస్ మందే.

దురద, ఎర్రదనం ఫంగస్ నేరుగా తెచ్చేవి కావు. ఫంగస్‌ను తరిమేయడానికి మన ఒంట్లోని రక్షణ చేసే పోరాటమే అలా బయటికి కనిపిస్తుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపుతుంది. వేరుశనగ చేనికి కాపలా ఉన్న కుక్కను కట్టేసి అడవిపందికి దారి ఇచ్చినట్టే. మొరుగుడు వినపడదు కాబట్టి అంతా బాగుందనుకుంటాం.

కొన్ని వారాల తర్వాత మచ్చ రూపమే మారిపోతుంది. అంచు ఉబ్బెత్తుగా, మధ్యలో తేటగా ఉండాల్సిన గుండ్రటి మచ్చ అంచు చెరిగిపోతుంది, లేదంటే ఒక వలయం లోపల ఇంకో వలయం కనిపిస్తుంది. అప్పుడు డాక్టరుకు కూడా ఒక్క చూపులో పోల్చుకోవడం కష్టం. గజ్జల్లో, చంకల్లో చర్మం మొదటే పలచన. అక్కడ క్లోబెటాసాల్ నెలల తరబడి రాస్తే గర్భిణుల పొట్ట మీద వచ్చే లాంటి చారలు పడతాయి. తామర తగ్గినా ఆ చారలు మాత్రం పోవు. ముఖానికి రాసుకున్న వాళ్లకు ఎర్రదనం, మొటిమలు, ఎండకు మంట. చర్మానికి రాసే 14 స్టెరాయిడ్ మందులను కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ అడిగే షాపు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

ఈ పొరపాటు కంటి దగ్గర ఇంకా ఖరీదైనది. వేరుశనగ నూర్పిళ్లప్పుడు పొట్టో, జొన్న ఆకు అంచో తగిలి కన్ను ఎర్రబడితే షాపులో దొరికే డెక్సామెథాసోన్ చుక్కలు వేసుకుంటారు. చెత్తతో తగిలిన దెబ్బలో నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు పడే వీలుంది. స్టెరాయిడ్ చుక్కలతో ఆ పుండు లోతుకు పోతుంది. దానికి వాడేది నాటామైసిన్ 5 శాతం చుక్కలు, అదీ కంటి డాక్టరు పుండు గీకి పరీక్ష చేశాక. చెత్త తగిలిన కన్ను రెండో రోజుకూ ఎర్రగా, నీరు కారుతూ ఉంటే షాపుకు పోవద్దు, కంటి ఆసుపత్రికి పోండి.

మామూలు క్రీముల్లో ఏది, ఎంత

క్లోట్రిమజోల్ 1 శాతం, కీటోకొనజోల్ 2 శాతం, లులికొనజోల్ 1 శాతం, టెర్బినాఫిన్ 1 శాతం. షాపులో సాధారణంగా దొరికేవి ఇవే. వీటిలో క్లోట్రిమజోల్ చవక, జన ఔషధి షాపులో ఇంకా చవక. రోజుకు రెండుసార్లు రాయాలి. లులికొనజోల్ రోజుకు ఒక్కసారి చాలు, కాకపోతే ఖరీదెక్కువ. పూట పూటా రాసే ఓపిక లేనివాళ్లకు అదే మేలు, ఎందుకంటే రాయని క్రీము ఎంత చవకైనా పని చేయదు.

టెర్బినాఫిన్ ఒకప్పుడు తామరకు మొదటి మందు. ఇప్పుడు మన దేశంలో దాని పట్టు సడలింది. ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని 2020లో పేరు పెట్టిన ఫంగస్ ఇక్కడ బాగా పాతుకుపోయింది. టెర్బినాఫిన్ ఏ ఎంజైమును పట్టుకుని ఫంగస్‌ను చంపుతుందో ఆ ఎంజైము ఆకారమే ఈ రకంలో చాలావాటిలో మారిపోయింది. అందుకే ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పేరు చివర "కొనజోల్" లేదా "మజోల్" అని ఉన్న మందే మేలనిపిస్తుంది.

క్రీము తగ్గించలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది రాసింది సరిపోలేదు. చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము. పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు అది చాలు. రెండు గజ్జల్లోనూ చెరో అరచేయంత మచ్చ ఉంటే పూటకు అర గ్రాము, రోజుకు గ్రాము. 15 గ్రాముల ట్యూబు రెండు వారాలు వస్తుంది. మచ్చ కనపడకుండా పోయిన తర్వాత కూడా ఇంకో రెండు వారాలు రాయాలి కాబట్టి తక్కువలో తక్కువ రెండు ట్యూబులు. కనిపించే మచ్చ మీదే రాసి వదలకూడదు, అంచు దాటి బయటికి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి. ఫంగస్ ఆ అంచు నుంచే ముందుకు పాకుతుంది. స్నానం చేసి, మడతలు పూర్తిగా ఆరాక రాయండి, తడి మీద రాస్తే మడతల్లో ఇంకా నానుతుంది.

ఇదే లెక్క నడుము, పిరుదులు, తొడలు కలిపి ఎనిమిది అరచేతులంత పాకినవాళ్లకు వేస్తే రోజుకు 4 గ్రాములు, నెలకు 120 గ్రాములు. అంటే 15 గ్రాముల ట్యూబులు ఎనిమిది. అంత రాసేవాళ్లు ఉండరు. అక్కడే మాత్రల అవసరం మొదలవుతుంది.

పౌడరు మందు కింద లెక్క రాదు. తగ్గాక మడతలు పొడిగా ఉంచడానికి పనికొస్తుంది, అంతే. వెల్లుల్లి నూరి కట్టడం, కిరోసిన్ రుద్దడం లాంటివి చర్మాన్ని కాల్చి పుండు చేస్తాయి. పాతకాలపు విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంటును మాత్రం తీసిపారేయొద్దు. అందులో బెంజోయిక్ యాసిడ్ 6 శాతం, సాలిసిలిక్ యాసిడ్ 3 శాతం ఉంటాయి. అరికాలి మందపాటి చర్మం మీది తామరకు అది బాగానే పని చేస్తుంది, గజ్జల్లో రాస్తే మాత్రం భగ్గుమంటుంది.

మాత్రలు ఎవరికి

పిల్లల తలలో గుండ్రంగా జుట్టు ఊడి, పొట్టు రాలుతుంటే క్రీముతో ఫలితం ఉండదు. ఫంగస్ వెంట్రుక కుదురులో ఉంటుంది, క్రీము అంత లోతుకు దిగదు. పిల్లల డాక్టరో చర్మ డాక్టరో బరువును బట్టి గ్రిసియోఫుల్విన్ లేదా టెర్బినాఫిన్ ఇస్తారు. గ్రిసియోఫుల్విన్ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు, పాలతోనో కాస్త కొవ్వున్న తిండితోనో వేయాలి. తలలో చీము గడ్డలా మెత్తగా ఉబ్బితే కోయించకండి, అది కూడా తామరే. గోళ్లకు పట్టినా మాత్రలే దారి. గోరు కొత్తగా పెరగడానికి పట్టే కాలమంతా ఓపిక పట్టాలి, కాలి బొటనవేలి గోరుకు ఏడాది దాటుతుంది. ఒంట్లో ఎక్కువ మేర పాకినవాళ్లు, స్టెరాయిడ్ ట్యూబులు నెలల తరబడి వాడినవాళ్లు కూడా ఈ వరుసలోకే వస్తారు.

వీళ్లకు ఎక్కువగా రాసేది ఇట్రాకొనజోల్. రోజుకు 100 నుంచి 200 మిల్లీగ్రాములు, కొన్ని వారాల పాటు. దీనితో వచ్చే తంటా దాన్ని వేసుకునే తీరులో ఉంది. క్యాప్సూల్ కడుపులో కరగాలంటే ఆమ్లం ఉండాలి, అందుకే నిండుగా అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. మన దగ్గర చాలామంది పొద్దున లేస్తూనే గ్యాస్ మాత్ర మింగుతారు. అది పాంటాప్రజోల్, డోమ్‌పెరిడోన్ కలిపిన మాత్ర అయితే రెండు వైపులా నష్టం: పాంటాప్రజోల్ ఆమ్లాన్ని తగ్గించి ఇట్రాకొనజోల్‌ను ఒంటికి పట్టనివ్వదు, డోమ్‌పెరిడోన్ దీనితో కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. గుండె బలహీనంగా ఉండి కాళ్లకు నీరు పట్టేవాళ్లకు ఇట్రాకొనజోల్ అసలు పనికిరాదు. కొలెస్టరాల్‌కు సిమ్వాస్టాటిన్ వాడేవాళ్లు ముందే చెప్పాలి.

వారానికొకటి వేసుకునే ఫ్లుకొనజోల్ 150 తేలిక, చవక. తామర మీద మాత్రం ఇప్పుడు దాని ప్రభావం అంతంతే. షుగరుకు గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఇది వేసుకుంటే షుగరు మరీ కిందికి పడిపోవచ్చు. కడుపుతో ఉన్నవాళ్లకు ఈ మాత్రలేవీ వద్దు, క్లోట్రిమజోల్ క్రీముతోనే నెట్టుకురావాలి.

తామర కానివి

ఛాతీ మీద, వీపు మీద, మెడ మీద తెల్లగానో గోధుమరంగుగానో చిన్న చిన్న మచ్చలు, గోకితే సన్నటి పొట్టు. ఇది శోభి, కొందరు సిబ్బెం అంటారు. చెమటకు పెరుగుతుంది కానీ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. దీనికి కీటోకొనజోల్ 2 శాతం షాంపూ చక్కగా సరిపోతుంది: తడి ఒంటికి పట్టించి, 5 నిమిషాలు ఉంచి కడగాలి, రోజూ ఒకసారి, 5 రోజులు. ఫంగస్ చచ్చినా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఆలోపు తగ్గలేదని మందు మీద మందు వాడొద్దు. తెల్ల మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది వేరే సంగతి, కుష్టు పరీక్ష చేయించాలి.

కాలివేళ్ల సందుల్లో తెల్లగా నానిపోవడం కె.సి. కాలువ కింద వరినాట్లు వేసేవాళ్లలో, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లలో తడి నేల మీద నిలబడేవాళ్లలో మామూలే. అక్కడ తామర ఫంగస్, కాండిడా అనే ఇంకో రకం ఫంగస్ రెండూ ఉండొచ్చు. అందుకే రెండింటి మీదా పనిచేసే క్లోట్రిమజోల్, టెర్బినాఫిన్ కంటే మేలు. షుగరున్నవాళ్లకు ఆ పగుళ్లలోంచి బాక్టీరియా దూరి కాలు ఎర్రగా వాచి జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి పోవాలి. షుగరు మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టాక మర్మాంగాల దగ్గర దురద, తెల్ల పొర వస్తే అది కాండిడా. మూత్రంలో చక్కెర పోవడం వల్ల వచ్చేదే. క్రీముతో పాటు డాక్టరుకు చెప్పడమూ అవసరం.

ఇంట్లో చేయాల్సింది

ఏ మందు ఎంచుకున్నా మొలతాడు దగ్గర చెడుతుంది. నెలల తరబడి చెమటకు నానిన నల్లదారాన్ని అలాగే ఉంచి, దాని చుట్టూ క్రీము రాస్తుంటారు. తీసేయండి. తీయడానికి మనసొప్పకపోతే తగ్గాక కొత్తది కట్టుకోండి. తువ్వాలు ఎవరిది వాళ్లకే. లోదుస్తులు, లుంగీలు వేడినీళ్లలో ఉతికి, లోపలి వైపు ఎండ తగిలేలా తిప్పి ఆరేయండి. ఎండకు మన జిల్లాల్లో కరువు లేదు. ఇంట్లో ఇద్దరికుంటే ఇద్దరూ ఒకేసారి మందు మొదలుపెట్టాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

నాలుగు వారాలు సరిగ్గా రాసినా మచ్చ అంచు ఇంకా ఉబ్బెత్తుగా ఉంటే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాలి. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో చర్మ విభాగం ఓపీ ఉంది. అక్కడ మచ్చ అంచు నుంచి పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు. మధ్యలోంచి గీకితే ఫంగస్ దొరకదు. ముందు రోజు దాకా క్రీము రాసినా దొరకకపోవచ్చు, కాబట్టి వెళ్లడానికి వారం పది రోజుల ముందే ఆపండి. ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి.