కంచె అవతలి హోటలు: ఎనిమిది నెలల తరువాత

ముందే ఒక మాట చెప్పాలి. మా పెరటి వెనుక వచ్చిన ఈ తెలుగు హోటలుకు అనుమతి ఇవ్వవద్దని మా ఊరి జోనింగ్ బోర్డు (ఏ స్థలంలో ఏ వ్యాపారం పెట్టవచ్చో తేల్చేది) ముందు కుడిచెయ్యి ఎత్తి, ప్రమాణం చేసి మరీ మాట్లాడిన నలుగురిలో నేను ఒకదాన్ని. నా మాటను ఎంతవరకు నమ్మాలో మీరే తేల్చుకోండి. మెచ్చుకునేవాటితో పాటు తిట్టేవి కూడా ఉన్నాయి కనుక పేరు రాయడం లేదు. న్యూజెర్సీలో మిడిల్‌సెక్స్ కౌంటీ వాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు.

మా పెరటి కంచెకూ ఆ భవనం వెనుక గోడకూ మధ్య నలభై అడుగులు ఉంటాయేమో. ఇదివరకు అక్కడ ఇన్సూరెన్సు ఆఫీసు ఉండేది. సాయంత్రం ఐదింటికి తాళం పడేది, శని ఆదివారాలు పిట్ట కూడా వాలేది కాదు. నిరుడు ఒకరోజు రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. ఇక్కడి చట్టం ప్రకారం ఆ స్థలానికి 200 అడుగుల లోపు ఇళ్లున్న యజమానులందరికీ విచారణకు కనీసం 10 రోజుల ముందు నోటీసు అందాలి. అరవై నాలుగు కుర్చీల హోటలట. మా జోనులో దుకాణాలకు, ఆఫీసులకు అనుమతి ఉంది కానీ హోటళ్లకు లేదు. అందుకని వాళ్లు యూజ్ వేరియన్స్, అంటే జోనులో లేని వ్యాపారానికి ప్రత్యేక మినహాయింపు, అడిగారు. దానికి మామూలు మెజారిటీ చాలదు, ఏడుగురు సభ్యుల్లో ఐదుగురు ఒప్పుకోవాలి.

పక్కింటి పెద్దావిడ వీధంతా తిరిగి ముప్ఫై ఒక్క సంతకాలు పోగుచేసింది. బోర్డు లాయరు ఆ కాగితాన్ని ముట్టుకోను కూడా లేదు. సాక్ష్యం చెప్పినవాళ్లను అవతలి పక్షం ప్రశ్నలు అడగగలగాలి, సంతకాన్ని ఎవరు ఏమి అడుగుతారు అన్నాడు. న్యాయమే కానీ, మండుటెండలో ఆవిడ తిరిగిన తిరుగుడు మాత్రం వృథా అయింది. చివరికి ముప్ఫై ఒక్కరిలో హాలు దాకా వచ్చింది నలుగురం.

ఆ రాత్రి జరిగినవాటిలో ఒకటి మాత్రం నేను మరిచిపోలేను. వీధి చివర ఉండే ఆయన లేచి, వంట వాసనలు ఎలా ఉంటాయి అని అడిగాడు. హాలులో ఉన్నవాళ్లంతా నా వైపు చూశారు. అక్కడ తెలుగుదాన్ని నేను ఒక్కదాన్నే, హోటలు వాళ్లను మినహాయిస్తే. మా తిండి వాసన చెడ్డదని నా నోటితో నేను అనలేను, అది నిజం కూడా కాదు. కానీ ఒక గరిటెడు పోపు వేరు, పూటకు వందమందికి వేసే పోపు వేరు. ఎండుమిరపకాయలు మాడితే వచ్చేది వాసన కాదు, ఘాటు. ఆ మాటకు ఇంగ్లీషులో ఏమనాలో తోచక ‘ఘాటు’ అనే అనేశాను. రికార్డు రాసుకుంటున్నావిడ స్పెల్లింగ్ అడిగింది. ఆ తరువాత ఇంజనీరును ఒకటే ప్రశ్న అడిగాను: వంటింటి పొగగొట్టం మా పెరటి వైపు ఎందుకు పెట్టారు, రోడ్డు వైపు తిప్పితే ఏమవుతుంది? ఆయన నక్షా తిరగేసి, తిప్పవచ్చు అన్నాడు. షరతుల్లో మొదటిది అదే అయింది. రాత్రి పదింటికి మూసెయ్యాలి, ఉదయం ఏడు లోపు చెత్త లారీ రాకూడదు, బయట స్పీకర్లు పెట్టకూడదు, కంచె పొడవునా చెట్లు నాటాలి. ఇవి మిగతావి. ఓటింగ్‌లో ఐదు కావలసి ఉండగా సరిగ్గా ఐదే పడ్డాయి.

ఇక తిండి సంగతి.

తెరిచిన రెండో నెలలో వెళ్లాను. యజమాని భీమవరం కుర్రాడు, నన్ను చూడగానే గుర్తుపట్టాడు. “ఆంటీ, మీరు వస్తారనుకోలేదు” అన్నాడు. “నేను అడ్డం చెప్పింది పొగగొట్టానికి బాబూ, పెసరట్టుకు కాదు” అన్నాను. ఆ పెసరట్టు గురించే ముందు చెప్పాలి. పొట్టు తియ్యని పెసలు నానబెట్టి, కాస్త బరకగా రుబ్బిన పిండి. అంచులు కరకరలాడుతాయి, నడుమ మెత్తగా ఉంటుంది. మీద చల్లిన అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు అట్టుకు అంటుకుపోయి ఉంటాయి, చేత్తో ఎత్తితే రాలిపోవు. మన దేశపు హోటళ్లు, దుకాణాలు బారులు తీరిన ఓక్ ట్రీ రోడ్డులో ఎన్నో ఏళ్లుగా తింటున్నాను, అక్కడ నాకు ఇంత మంచిది దొరకలేదు. ఉప్మాతో కలిపి పదకొండు డాలర్లు. అల్లం పచ్చడిలో మాత్రం బెల్లం ఎక్కువ, రెండుసార్లు చెప్పినా తగ్గలేదు.

గోంగూర రొయ్యలు వేసవిలో తినండి. అప్పుడు ఇక్కడి తోటల ఆకు వస్తుంది. మంచు పడ్డాక వాడేది ఫ్రీజరు ఆకు, పులుపు ఉంటుంది కానీ ఆ పచ్చిదనం ఉండదు. పప్పు, చారు ఇంట్లో చేసినట్టే ఉంటాయి. బిర్యానీ పేరుకే దమ్. అన్నం ఒకచోట, ముక్క ఒకచోట వండి కలిపిన సంగతి రెండో ముద్దకే తెలిసిపోతుంది. వడ్డించే పిల్లలు మర్యాదస్తులు, నెయ్యికి డబ్బు వేరే తీసుకోవడం మర్యాద కాదు.

మాట నిలబెట్టుకున్నారా అంటే, సగం. పొగగొట్టం నిజంగానే రోడ్డు వైపు పెట్టారు. శీతాకాలం ముందు ఒక శనివారం మాత్రం ఘాటు ఇంట్లోకి కొట్టి మా వారికి దగ్గు ఆగలేదు. వెళ్లి చెబితే ఫిల్టరు కడగలేదని ఒప్పుకుని, సోమవారానికల్లా కడిగించాడు. ఫ్యాను రొద ఇంకో గొడవ. రాత్రి పది తరువాత వ్యాపార స్థలం నుంచి ఇళ్ల హద్దు దగ్గరికి వచ్చే శబ్దం 50 డెసిబెల్స్ దాటకూడదని రాష్ట్ర నిబంధన, పగలైతే 65. మా అబ్బాయి ఫోనులో 54 చూపించింది. ఫోను లెక్క చెల్లదు, దానికి శిక్షణ పొందిన అధికారి వచ్చి కొలవాలి. అంతదాకా పోకుండానే బెల్టు మార్పించాడు. చెత్త లారీ మాత్రం ఇప్పటికి మూడుసార్లు ఆరు కాకుండానే వచ్చింది. తేదీలు నాకు గుర్తులేవు కానీ పక్కింటావిడ నోటుపుస్తకంలో నిమిషాలతో సహా ఉన్నాయి.

అసలు చిక్కు కార్లు. మూడు కుర్చీలకు ఒక చోటు లెక్కన ఇరవై రెండు చోట్లు సరిపోతాయని ట్రాఫిక్ నిపుణుడు బోర్డుకు గీతలు గీసి చూపించాడు. ఆయన లెక్కలో తప్పు లేదు, ఆయనకు మనవాళ్లు తెలియదు, అంతే. నలుగురు భోజనానికి వస్తే రెండు కార్లలో వస్తారు. తిన్నాక కారు దగ్గర నిలబడి ఇంకో అరగంట మాట్లాడుకుంటారు. అన్నిటికీ మించి ట్రేలు. పుట్టినరోజులకు, గృహప్రవేశాలకు బిర్యానీ ట్రే, గారెల ట్రే తీసుకుపోయేవాళ్లు అసలు కుర్చీలో కూర్చోరు కనుక ఆ లెక్కలోకే రారు. శనివారం సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా వచ్చేవాళ్లలో చాలామంది వాళ్లే. “రెండే నిమిషాలు” అంటూ మా వీధిలో ఆపుతారు. ఒకసారి పక్కింటావిడ గ్యారేజీకి అడ్డంగా ఆపి పోతే, మందుల దుకాణానికి వెళ్లవలసిన ఆవిడ ఇరవై నిమిషాలు స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. ఈ ట్రేల గురించి విచారణలో అడగవలసిన మనిషిని నేనే. నాకే తెలియాలి, నాకే తట్టలేదు.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం, పోయిన వారం మళ్లీ రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. పాత షరతులు మార్చమని దరఖాస్తు పెట్టారు: వేసవిలో ముందు వైపు బయట పదహారు కుర్చీలు, శుక్ర శనివారాల్లో రాత్రి పదకొండు దాకా. పెసరట్టు తింటున్నప్పుడు కుర్రాడు స్వయంగా వచ్చి, “ఈసారి మా తరఫున మాట్లాడండి ఆంటీ” అన్నాడు. ముందు వైపు కుర్చీలు వేసుకోమంటాను, వాటివల్ల మాకు ఇబ్బంది లేదు. పదకొండుకు మాత్రం ఒప్పుకోను. ఈ రాష్ట్రంలో లిక్కర్ లైసెన్సులు జనాభా లెక్కన ఇస్తారు, అవి దొరకని హోటళ్లకు జనం సీసాలు తామే వెంట తెచ్చుకుంటారు. ఇక్కడా అంతే. పదింటికే పార్కింగులో గొంతులు పెద్దవవుతున్నాయి. ట్రేలకు విడిగా నాలుగు చోట్లు గుర్తుపెట్టి, వాటి దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలని కూడా అడుగుతాను. ఇదంతా అతని ముఖం మీదే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. ఆ తరువాత అడక్కుండానే ఇంకో పెసరట్టు పంపించాడు. దాని డబ్బు కూడా ఇచ్చే వచ్చాను.

నా మార్కులు ఐదుకు మూడున్నర. వెళ్లేవాళ్లు ఆదివారం పదకొండు లోపు వెళ్లండి, ఆ తరువాత పెసరట్టు పిండి ఉండదు. కారును హోటలు వెనుక పార్కింగులోనే పెట్టండి. మా వీధిలో పెడితే మీ కారు నంబరు కూడా ఆవిడ నోటుపుస్తకంలోకి ఎక్కుతుంది. ఈసారి దాన్ని వెంట తెస్తానంటోంది, ప్రమాణం చేసి తానే చదువుతుందట.