సేవ్డ్! (2004): చర్చి పిల్లలతో కలిసి చూడదగ్గ హైస్కూల్ కామెడీ

అమెరికన్ సినిమా ‘సేవ్డ్!’ చూసినవాళ్లలో ఎవర్ని అడిగినా ముందు ఒకే దృశ్యం చెబుతారు. స్నేహితురాలు మేరీకి సాతాను పట్టిందని నమ్మిన హిలరీ ఫే, తోటి అమ్మాయిలతో కలిసి ఆమెను బలవంతంగా వ్యాన్‌లోకి లాగి ప్రార్థన మొదలుపెడుతుంది. మేరీ విదిలించుకుని బయటపడి, ప్రేమంటే నీకేం తెలుసని అడిగి నడిచిపోతుంటుంది. హిలరీ ఫే తన చేతిలోని బైబిలును ఆమె వీపు మీదికి విసిరికొట్టి, నా నిండా ఉన్నది క్రీస్తు ప్రేమే అని అరుస్తుంది. మేరీ ఆ పుస్తకాన్ని ఎత్తి పట్టుకుని, ఇది ఆయుధం కాదంటుంది. ఇక్కడ గ్రంథానికి మర్యాద ఇచ్చింది ఎవరో గమనించాలి. దారి తప్పిందని వాళ్లు చదివే క్రైస్తవ బడి అనుకుంటున్న పిల్లే ఇచ్చింది. విశ్వాసులను వెక్కిరించే సినిమా అని దీన్ని పక్కన పెట్టేవాళ్లు ముందు ఈ ఒక్క దృశ్యం చూడాలి.

దర్శకుడు బ్రయన్ డానెల్లీకి ఇది తొలి చిత్రం. మైకేల్ అర్బన్‌తో కలిసి రాశాడు. డానెల్లీ చిన్నప్పుడు క్యాథలిక్ బడిలో చదివాడు, యూదుల వేసవి శిబిరానికి వెళ్లాడు, ఆ తర్వాత బాప్టిస్టు హైస్కూల్లో చేరాడు. ప్రార్థనలో గొంతు ఎక్కడ తగ్గుతుందో, ‘నీ కోసం ప్రార్థిస్తాం’ అన్న మాట ఎప్పుడు ఓదార్పవుతుందో, ఎప్పుడు బెదిరింపవుతుందో అతనికి లోపలి నుంచి తెలుసు. నిర్మాతల్లో ఆర్.ఇ.ఎం. బృందం గాయకుడు మైకేల్ స్టైప్ ఒకడు. కథ అమెరికాలో జరిగినా చిత్రీకరణ చేసింది కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో. నిడివి 92 నిమిషాలు.

మేరీ (జెనా మలోన్) హైస్కూల్ చివరి ఏడాదిలో అడుగుపెట్టబోతోంది. మూడేళ్ల వయసులోనే యేసును అంగీకరించిన పిల్ల. ఈత కొలనులో మునిగి ఒకరికొకరు రహస్యాలు చెప్పుకునే ఆటలో, ఆమె ప్రేమించిన డీన్ తాను గే అనుకుంటున్నానని చెబుతాడు. ఉలికిపాటులో ఆమె తలకు దెబ్బ తగులుతుంది. నీళ్లలోంచి కాపాడిన పనివాడు ఆమె కళ్లకు యేసులా కనిపించి, డీన్‌కు సాయం చేయమన్నట్టు తోస్తుంది. తనను తాను అర్పించుకుంటే అతను మారతాడని, పోయిన కన్యత్వాన్ని దేవుడు తిరిగి ఇస్తాడని నమ్ముతుంది. డీన్ మారడు. అతని గదిలో గే పత్రిక దొరికిన తల్లిదండ్రులు ‘బాగుచేసే’ చోటికి, అంటే మెర్సీ హౌస్‌కు పంపేస్తారు. ఈలోగా మేరీకి గర్భం. సినిమా మొత్తానికీ కీలు ఇదే. ఆ పిల్ల తిరుగుబాటు చేసి తప్పటడుగు వేయలేదు. బడి నేర్పిన తర్కాన్ని నిజాయితీగా చివరిదాకా పట్టుకెళ్లింది. అదే బడి తర్వాత ఆమెను వెలివేస్తుంది.

మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో చూసేవాళ్లకు మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. క్రైస్తవ బడి అనగానే మనకు కాన్వెంటు గుర్తొస్తుంది: సిస్టర్లు, ఫాదర్లు, ఉదయం ప్రార్థన, నైతిక విద్య పీరియడ్, తరగతిలో సగానికి పైగా హిందూ పిల్లలు. శ్రీకాకుళానికి 1993 నుంచి సొంత క్యాథలిక్ డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చి పరిధి) ఉంది, ఆ బడుల క్రమశిక్షణ వేరు. సినిమాలోని అమెరికన్ ఈగిల్ క్రిస్టియన్ హైస్కూల్ అలాంటిది కాదు. అది ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్లు నడిపే ప్రైవేటు బడి. బిషప్ ఉండడు, ప్రిన్సిపాలే పాస్టరు. యూదు అమ్మాయి ఒక్కతి తప్ప అందరూ విశ్వాస కుటుంబాల పిల్లలే. మన కార్పొరేట్ కాలేజీలో పిల్లల అంతస్తు ర్యాంకును బట్టి తేలినట్టు, అక్కడ ఎవరి సాక్ష్యం, అంటే దేవుడు తన జీవితాన్ని ఎలా మార్చాడో నలుగురిలో చెప్పుకోవడం, ఎంత గట్టిదన్న దాన్నిబట్టి తేలుతుంది. ఈ తేడా ముందే చెప్పకపోతే మనవాళ్లు సినిమాను సిస్టర్ల మీద వ్యంగ్యంగా చూసి, సగం హాస్యం పట్టుకోలేరు. శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరాల్లో పాత బాప్టిస్టు సంఘాలు కెనడా మిషనరీలు నాటినవి. ఆ సంఘాల్లో పెరిగిన పిల్లలకు సాక్ష్యం, మారుమనస్సు, యూత్ మీటింగు ఇవన్నీ ఇంటి మాటలు. అందుకే అందరికంటే ముందు నవ్వేది, అందరికంటే ముందు నొచ్చుకునేదీ వాళ్లే.

నటనలో మొదటి పేరు మాండీ మూర్‌దే. పాప్ గాయనిగా పేరు తెచ్చుకున్న ఆమె, 2002లో ఒక ప్రేమకథా చిత్రంలో భక్తి గల పాస్టరు కూతురిగా నటించింది. రెండేళ్లకే హిలరీ ఫేగా వచ్చింది. ఈ పాత్రను ఆమె ఎక్కడా వెక్కిరించదు, నమ్మి చేస్తుంది. నవ్వు వచ్చేది అందుకే. మేరీ విషయంలో యేసు కోసం ముందు నిలిచే యోధురాలివి కావాలని పాస్టరు అడిగితే, అంటే కాల్చెయ్యమంటారా అని హిలరీ ఫే నిజంగానే అడుగుతుంది. ఆ పిల్ల తుపాకీ గురి నేర్చుకునే చోటు కూడా బైబిలు పేరుతోనే నడుస్తుంది. విజయనగరంలో 1892లో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ తెలిసిన మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. గురజాడ తన నాటకంలో రుచిగల మాటలు ఎక్కువగా గిరీశం నోట పెట్టాడు. ఇక్కడ డానెల్లీ, అర్బన్ మంచి సంభాషణలన్నీ హిలరీ ఫేకు ఇచ్చారు. తేడా ఏమిటంటే గిరీశానికి తాను ఆడుతున్నది నాటకమని తెలుసు, ఈ పిల్లకు తెలియదు. చివర్లో ఆమె మీద జాలి కలిగేది కూడా దానివల్లనే.

‘హోమ్ అలోన్’ (1990) కుర్రాడిగా మనవాళ్లకు తెలిసిన మెకాలే కల్కిన్ ఇందులో హిలరీ ఫే సోదరుడు రోలండ్. వీల్‌చెయిర్‌లో ఉంటాడు. హిలరీ ఫే అతన్ని తన సేవాగుణానికి రుజువుగా అందరికీ చూపించుకుంటుంది. రోలండ్‌ను సినిమా చూసిన తీరు మెచ్చుకోవాలి: అద్భుతం జరిగి లేచి నడవడు, జాలి పాత్రా కాడు. అతనికి చమత్కారం ఉంది, కోపం ఉంది, ప్రేమించిన అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి కసాండ్రా (ఇవా అముర్రి), బడిలో ఉన్న ఒకే ఒక్క యూదు విద్యార్థిని. ఆ పాత్రలో హుషారు ఉంది గానీ ఆమె మతం గురించి ఆ ఒక్క ముక్క తప్ప సినిమా దాదాపు ఏమీ చెప్పదు. అందరిలోనూ లోపలి వివరాలు వెతికిన రచయితలు ఆమెను సిగరెట్టు, ఎగతాళిలతో సరిపెట్టేశారు. ఇది లోటే.

పాస్టర్ స్కిప్ (మార్టిన్ డోనవన్) అసెంబ్లీలో పల్టీ కొట్టి వేదిక మీదికి వచ్చి, కుర్రకారు యాసలో దేవుడి గురించి అరుస్తాడు. మైకు, బ్యాండు, స్లైడ్లతో నడిచే యువజన కూటాలు చూసినవాళ్లు ఆ హడావిడిని ఇట్టే గుర్తుపడతారు. తర్వాత నెమ్మదిగా మనిషి బయటపడతాడు. భార్యకు దూరంగా ఉంటున్నాడు, మేరీ తల్లి లిలియన్ (మేరీ లూయిస్ పార్కర్) మీద మనసుంది, విడాకులు తప్పని తానే బోధిస్తాడు. లిలియన్‌తో అతని సన్నివేశాల్లో ఒక్క మాటా ఎక్కువ కాలేదు. కొడుకు పాట్రిక్ (పాట్రిక్ ఫ్యూజిట్) విశ్వాసి. విశ్వాసిగానే ఉంటూ మేరీ పక్కన నిలబడతాడు. నమ్మకం వదిలేస్తేనే మంచివాళ్లవుతారని ఈ సినిమా చెప్పడం లేదనడానికి అతనే సాక్ష్యం.

చివరి అంకంలో, అంటే బడి వీడ్కోలు డ్యాన్సు వేడుక ప్రామ్ దగ్గర, పట్టు సడలిపోతుంది. అంతవరకూ పిల్లల మాటల్లో, చూపుల్లో దొర్లిన విషయమంతా ఒక్కసారిగా ఉపన్యాసాలైపోతుంది. మెర్సీ హౌస్ పిల్లలు వస్తారు, నిజాలు బయటపడతాయి, ఒకరి తర్వాత ఒకరు తమ పక్షం చెప్పుకుంటారు. గోడల మీద రాతల నేరం ఎవరిదో తేలే భాగం మరీ సులువు. హిలరీ ఫే వ్యాన్‌తో బడి ముందరి పెద్ద యేసు బొమ్మను ఢీకొట్టడం కంటికి పెద్దదే, కానీ బైబిలు విసిరిన దృశ్యానికున్న పదును దానికి లేదు. రచయితలకు అందర్నీ క్షమించాలన్న తొందర ఎక్కువైంది.

ఇక కాలేజీ ఫిల్మ్ క్లబ్బులో గానీ, చర్చి యూత్‌తో గానీ వేసేవాళ్లకు కొన్ని మాటలు. 92 నిమిషాల సినిమాకు రెండున్నర గంటలు కేటాయించండి: ముందు పది నిమిషాలు పరిచయానికి, మిగతాది చర్చకు. మధ్యలో ఆపవద్దు. ఇంటర్వెల్ కోసం రాసిన కథ కాదు, ఎక్కడ ఆపినా వేడి చల్లారుతుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిళ్లు తప్పనిసరిగా పెట్టండి. మేరీ వెనక నుంచి చెప్పే కథనం వేగంగా సాగుతుంది, చాలా హాస్యం అందులోనే ఉంది. పరిచయంలో మూడు సంగతులు చెప్పాలి. ఒకటి, పైన చెప్పిన బడి తేడా. రెండు, ప్రామ్ అంటే ఏమిటి. మూడు, ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ అంటే గర్భనిరోధం, గర్భస్రావం సేవలు కూడా అందించే అమెరికా సంస్థ అని. మేరీ అందులోంచి బయటికి వస్తుంటే రోలండ్, కసాండ్రా చూసే సన్నివేశం ఈ మూడోది తెలియకపోతే అర్థం కాదు. క్రైస్తవ పిల్ల అక్కడికి రావడానికి ఒకటే కారణం ఉంటుందని ఒకరంటే, బాంబు పెట్టడానికా అని ఇంకొకరు అడుగుతారు. అలాంటి కేంద్రాల మీద అమెరికాలో నిజంగానే బాంబు దాడులు జరిగాయి.

చర్చలో రెండు చట్టాల మాట రాక తప్పదు, నడిపేవాళ్లకు ముందే తెలిసి ఉండాలి. మన దేశంలో 18 ఏళ్లలోపు వాళ్లతో లైంగిక సంబంధం, ఇష్టపూర్వకమైనా, 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పడం తప్పనిసరి. కాబట్టి మేరీ కథ మన ఊళ్లో జరిగితే అది చర్చి గొడవతో ఆగదు. రెండోది మెర్సీ హౌస్ సంగతి. స్వలింగ సంబంధాలను 2018లో సుప్రీంకోర్టు నేరాల జాబితా నుంచి తీసేసింది. ‘మార్చే’ చికిత్స చేసే డాక్టరుది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. డీన్‌లాంటి పిల్లవాడు ఆ గదిలోనే కూర్చుని ఉండొచ్చు. నవ్వు అతని మీదికి మళ్లితే వెంటనే ఆపే బాధ్యత నడిపేవాళ్లదే.

పెంతెకొస్తు సంఘాలవాళ్లు ఉంటే ఒక దృశ్యం గురించి ముందే చెప్పండి: అసెంబ్లీలో కసాండ్రా అన్యభాషల్లో (పరిశుద్ధాత్మ ప్రేరణతో వస్తాయని ఆ సంఘాలు నమ్మే తెలియని మాటల్లో) మాట్లాడుతున్నట్టు నటిస్తుంది. మిగతా సినిమా ఆచారాన్ని దుర్వినియోగం చేసేవాళ్ల మీద గురిపెడితే, ఇక్కడ మాత్రం ఆచారమే నవ్వులపాలవుతుంది. వాళ్ల అభ్యంతరం న్యాయమైనదే, దానికి సమాధానం వెతుక్కోనక్కర్లేదు. మేరీ శిలువ ముందు నిలబడి తనకు తెలిసిన బూతులన్నీ అనే సన్నివేశం కూడా కొందరికి మింగుడుపడదు. కానీ అది కోపంతో చేసిన ప్రార్థనే, కీర్తనల గ్రంథం చదివినవాళ్లకు ఆ గొంతు పరిచయమే. ఆ దృశ్యం మీద పాస్టరుగారినే మాట్లాడమని అడగండి.

అమెరికాలో దీనికి పి.జి.-13 (పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో పెద్దలకు హెచ్చరిక) ఇచ్చారు గానీ మన దగ్గర పదో తరగతి పిల్లలకు వద్దు. ఇంటర్ రెండో ఏడాది, ఆపైన సరిపోతుంది. తల్లిదండ్రులతో కలిపి వేస్తే ఇంకా మంచిది, లిలియన్ పాత్ర వాళ్ల కోసమే రాసినట్టుంటుంది. తల్లులను, పిల్లలను వేర్వేరు వరుసల్లో కూర్చోబెట్టండి, పక్కపక్కనే ఉంటే ఈత కొలను తర్వాతి సన్నివేశాలకు ఇద్దరూ తలవంచుకుని తెర చూడటం మానేస్తారు.