సెకండ్ హ్యాండ్ కారుకి మోడల్ ఫెయిల్ లిస్ట్ చూడాలా, ఆ బండి సొంత టెస్ట్ హిస్టరీ చూడాలా? ఏది మేలు?

సెకండ్ హ్యాండ్ కారు కొందాం అనుకోగానే అందరూ అడిగేది "ఈ మోడల్ నమ్మొచ్చా" అని. వెంటనే ఎవరో ఒకరు ఇన్‌స్పెక్షన్ లెక్కలు (కారు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని కొన్ని దేశాల్లో రూల్ ప్రకారం చేసే టెస్టుల లెక్కలు) తెచ్చి పడేస్తారు, ఫలానా మోడల్ ఇంత శాతం ఫెయిల్ అయింది కాబట్టి దాని జోలికి పోకు అని. ఆ లెక్కలు తప్పని కాదు, కానీ అవి చెప్పేది ఒకటి మనం అడిగేది ఇంకోటి. నన్నడిగితే లక్షల కార్ల సగటు కంటే ఎదురుగా ఉన్న ఒక్క కారు సొంత రికార్డే ఎక్కువ పనికొస్తుంది.

ముందు లిస్టుల సంగతి. బాగా పేరున్నది జర్మనీలో ఈ టెస్టులు చేసే ట్యూఫ్ సంస్థల రిపోర్ట్, ఏటా వస్తుంది, 2-3 ఏళ్ళ కార్లు, 4-5 ఏళ్ళవి అలా వయసు గ్రూపులుగా విడగొట్టి ఏ మోడల్‌లో ఎన్నిటికి పెద్ద లోపాలు దొరికాయో శాతాల్లో చెప్తారు. 2024 రిపోర్ట్‌లో 2-3 ఏళ్ళ గ్రూప్‌లో అన్నిటికంటే బాగా వచ్చింది ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ స్పోర్ట్స్‌వాన్, 2 శాతం, అన్నిటికంటే చివర టెస్లా మోడల్ 3, 14.7 శాతం. ఇది చూసి చాలామంది టెస్లా బ్యాటరీ, మోటార్ పాడైపోతున్నాయని అనుకున్నారు, కానీ దొరికినవి చూస్తే బ్రేకులు, సస్పెన్షన్, లైట్లు. ఎలక్ట్రిక్ కారు స్పీడ్ తగ్గించే పని ఎక్కువగా మోటారే చేసేస్తుంది, బ్రేక్ డిస్కులు సరిగ్గా వాడకంలో ఉండక తుప్పు పడతాయి, పైగా ఏటా సర్వీసుకి తీసుకెళ్ళాలన్న రూల్ లేకపోవడంతో టెస్ట్ లేన్‌లోకి వెళ్ళే దాకా ఎవరూ కిందకి వంగి చూడరు.

అటు పక్కన పోర్షే 911 అనే ఖరీదైన స్పోర్ట్స్ కారు చూడండి, ఈ లిస్టుల్లో ఏళ్ళ తరబడి పై వరసలోనే ఉంటూ వచ్చింది. బాగా తయారైన కారే, కాదనను, కానీ దాన్ని కొన్నవాళ్ళు రోజూ ఆఫీసుకి తోలరు, షెడ్‌లో పెట్టి ఆదివారం తీస్తారు, చిన్న శబ్దం వచ్చినా వర్క్‌షాప్‌కి పరిగెడతారు. అదే వయసున్న చౌక ఫ్యామిలీ కారు దానికంటే చాలా ఎక్కువ తిరిగుంటుంది, ఓనర్ ఖర్చు వాయిదా వేస్తూ ఉంటాడు. అంటే ఈ శాతంలో కారు ఎంతో, ఓనర్ జేబూ అలవాటూ అంత ఉన్నాయి. లీజు బండ్ల విషయం ఇంకోటి, టెస్ట్‌కి ముందు సర్వీస్ సెంటర్లో అన్నీ మార్పించి పంపుతారు, పరీక్ష ముందు రాత్రి బట్టీ కొట్టిన పిల్లాడి మార్కుల్లాంటివి అవి. ట్యూఫ్ రిపోర్ట్‌లో, ఫిన్లాండ్ రవాణా శాఖ ట్రాఫికామ్ వాళ్ళ లెక్కల్లో శాతంతో పాటు సగటు కిలోమీటర్లు కూడా ఇస్తారు, జనం ఆ కాలమ్ చూడరు గానీ నేనైతే ముందు అదే చూస్తా. ఒకే వయసు, ఇంచుమించు ఒకే కిలోమీటర్లు ఉన్న రెండు మోడళ్ళకి శాతంలో పెద్ద తేడా ఉంటే అప్పుడు ఆలోచించాలి, లేకపోతే ఆ ర్యాంకు వట్టిదే.

ఇక ఆ కారు సొంత హిస్టరీ. దీనికి బ్రిటన్‌లో ఉన్నంత సులువు ఇంకెక్కడా నేను చూళ్ళేదు, ఎంఓటీ అనే టెస్ట్, కారుకి మూడేళ్ళు నిండాక ఏటా చేయించాలి, ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లో 2005 నుంచి జరిగిన టెస్టులన్నీ నంబర్ ప్లేట్ కొడితే ప్రభుత్వ సైట్‌లో ఫ్రీగా కనిపిస్తాయి, పాసా ఫెయిలా, ఏం లోపం, మీటర్ ఎంత చూపించింది అన్నీ. 2018 మే నుంచి లోపాల్ని డేంజరస్, మేజర్, మైనర్ అని విడగొడుతున్నారు, ఇవి కాక అడ్వైజరీ అని ఒకటుంటుంది, ఇప్పటికి పర్లేదు గానీ కనిపెట్టుకుని ఉండమని.

అసలు సరుకంతా ఆ అడ్వైజరీల్లోనే ఉంది. రెండు కార్లు ఊహించుకోండి. ఒకటి మూడుసార్లు ఫెయిల్, ఒకసారి బల్బు, ఒకసారి అరిగిన టైరు, ఒకసారి వైపర్ బ్లేడు, ప్రతిసారీ ఒకట్రెండు రోజుల్లో బాగుచేసి పాస్ చేయించారు. రెండోది ఒక్కసారీ ఫెయిల్ కాలేదు, కానీ నాలుగేళ్ళుగా వరసగా "వెనక బ్రేక్ పైపుకి తుప్పు", "కింద చాసిస్‌కి తుప్పు మొదలైంది", "సస్పెన్షన్ బుష్ అరిగింది" అని అదే రాస్తున్నారు, ఎవడూ ముట్టుకోలేదు. నేనైతే కళ్ళు మూసుకుని మొదటిదే తీసుకుంటా. బల్బు ఫెయిల్ అంటే ఓనర్ కాస్త బద్ధకస్తుడు అంతే, తుప్పు అలా కాదు, అది ఆగదు, పైకి కనిపించిన దానికంటే లోపల ఎక్కువ తినేసి ఉంటుంది, వెల్డింగ్ దాకా పోతే కారు ఖరీదులో పెద్ద భాగం దానికే అయిపోతుంది. నిరుడు రాసిన లోపం ఈసారి కనిపించకపోతే బాగుచేయించారనే అనుకోవద్దు, టెస్ట్ చేసిన మనిషి మారి ఉండొచ్చు, తుప్పు కనపడకుండా కింద నల్లగా అండర్‌సీల్ అనే పూత కొట్టించి ఉండొచ్చు. బిల్లు అడగండి, ఉంటే చూపిస్తారు.

మీటర్ అంకెలు కూడా వరసగా రాసుకుని చూడాలి. ఏటా కొంచెం అటూ ఇటూగా ఒకేలా పెరగాలి. ఉన్నట్టుండి తగ్గితే మీటర్ వెనక్కి తిప్పారన్న అనుమానం రావాలి (ఒక్కోసారి టైపింగ్ తప్పు, మైళ్ళు కిలోమీటర్ల గోల కూడా అవుతుంది, ముందూ వెనకా ఏళ్ళు చూస్తే తేలిపోతుంది). మధ్యలో రెండేళ్ళు టెస్టే లేకపోతే ఆ కారు ఎక్కడుందో అడగాలి, కదలకుండా నిలబెట్టిన కారుకి రబ్బర్లు, బ్రేకులు, బ్యాటరీ అన్నీ పాడవుతాయి.

అయితే రెండిటికీ ఒకే గుడ్డితనం ఉంది. ఇవి రోడ్డు మీద తిరగడానికి క్షేమమా కాదా అని చూసే టెస్టులు, ఎంఓటీలో ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ ఎలా ఉన్నాయన్నది చూడనే చూడరు. రేపో మాపో గేర్‌బాక్స్ పోయే కారు కూడా ఇవాళ దర్జాగా పాసవుతుంది. పొగ టెస్ట్ మాత్రం ఇంజిన్ గురించి కాస్త చెప్తుంది, ఒకటికి రెండుసార్లు అందులో ఫెయిలైతే ఇంజెక్టరో, పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టరో, డీజిల్ కారైతే పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరో, ఏదో ఒకదానిలో లోపం ఉంది. మిగతాదానికి సర్వీస్ బిల్లులే గతి, ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారు, టైమింగ్ బెల్ట్ మార్చారా లేదా అన్నది ఏ టెస్ట్ రికార్డులోనూ దొరకదు.

కాబట్టి ఇంకా ఏ మోడల్ అని తేల్చుకోని వాళ్ళకి లిస్ట్ ఒక గంట కాలక్షేపంగా పనికొస్తుంది, నాలుగైదు మోడళ్ళకి కుదించుకోవడానికి. కారు ఎదురుగా నిలబడ్డాక దాన్ని పక్కన పెట్టేయండి, అక్కడి నుంచి హిస్టరీ, బిల్లులే. ఇండియాలో సొంత కార్లకి 15 ఏళ్ళ దాకా ఇలాంటి టెస్టే లేదు కాబట్టి ఈ హిస్టరీ మీద ఆశ పెట్టుకోవద్దు, పొల్యూషన్ సర్టిఫికెట్ తప్ప ఏమీ దొరకదు. అలాంటి చోట, లేదా రికార్డు ఉన్నా పది నెలల కిందటిదైతే, మీకు తెలిసిన మెకానిక్‌తో లిఫ్ట్ మీద ఎత్తించి కింద నుంచి చూపించుకోండి, ఖర్చు మీదే పెట్టుకోండి. అమ్మేవాడు దానికి సాకులు చెప్తే ఇంకో కారు చూసుకోండి.