డయల్ ఉన్న టైమింగ్ లైట్: ఆయిల్ పంప్ మార్చాక ఇంజన్ ఎందుకు లాగట్లేదో పట్టించింది ఇదే

ఒకటో సిలిండర్‌లో స్పార్క్ పడిన ప్రతిసారీ మెరిసి, ఆ క్షణంలో ఇంజన్ ముందున్న పుల్లీ ఎక్కడుందో చూపించే ఈ లైట్ కొని ఏడాది దాటింది. అప్పుడప్పుడు టైమింగ్ చూసుకోవడం తప్ప దీనితో పెద్ద పని పడలేదు కాబట్టి ఇన్నాళ్ళూ రివ్యూ రాయలేదు. పోయిన నెల నా పాత డాట్సన్ 240జెడ్‌లో ఆయిల్ పంప్ మార్చిన తర్వాత దీని విలువ తెలిసింది.

ఇంజన్ ఎల్24, ఆరు సిలిండర్లు, 2393 సీసీ. వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ బాగా పడిపోతోందని పంప్ మార్చాను. ప్రెషర్ చక్కగా వచ్చింది, సంతోషించాను. కానీ బండి మాత్రం మునుపటిలా లేదు. స్టార్ట్ కావడానికి చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి, యాక్సిలరేటర్ తొక్కితే పికప్ లేదు, కార్బురేటర్‌లోంచి టప్ టప్ మని బ్యాక్‌ఫైర్, పది నిమిషాలు నడిపేసరికి టెంపరేచర్ ముల్లు పైకి. నేను ముట్టుకున్నది ఆయిల్ పంప్ కదా, ఇగ్నిషన్‌తో దానికేం సంబంధం అనుకుని రెండు రోజులు కార్బురేటర్లు విప్పి కడుగుతూ కూర్చున్నాను.

సంబంధం ఉంది, అదీ నేరుగా. ఈ ఎల్ సిరీస్ ఇంజన్లలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) ముందున్న గేర్ ఒక నిలువు స్పిండిల్‌ని తిప్పుతుంది. దాని కింది కొన ఆయిల్ పంప్‌ని నడిపితే, పై కొన డిస్ట్రిబ్యూటర్‌ని (ఏ ప్లగ్‌కి ఎప్పుడు స్పార్క్ వెళ్ళాలో పంచేది) నడుపుతుంది. కింద నాలుగు బోల్టులు విప్పి పంప్ దించితే స్పిండిల్ కూడా దానితోపాటే దిగిపోతుంది, తిరిగి ఎక్కించేటప్పుడు ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఆయిల్ ప్రెషర్‌కి ఏమీ కాదు, స్పార్క్ పడే సమయం మాత్రం మొత్తం మారిపోతుంది. పంప్ బాగా పనిచేస్తోంది కాబట్టి తప్పు అక్కడ ఉంటుందన్న అనుమానమే రాదు.

ఇక లైట్ సంగతి. రెండు క్లిప్పులు బ్యాటరీకి, క్లాంప్ ఒకటో నంబర్ ప్లగ్ వైరుకి, దాని మీద బాణం గుర్తు ప్లగ్ వైపు ఉండేలా. వ్యాక్యూమ్ అడ్వాన్స్ పైపు తీసి దాని మూతి మూశాను, పుల్లీ మీద సున్నా గాటుకి (ఒకటో సిలిండర్ పిస్టన్ పూర్తిగా పైన, అంటే టీడీసీలో, ఉన్నప్పుడు ఇంజన్ మీది సూదికి ఎదురుగా వచ్చే గాటు ఇది) తెల్ల పెయింట్ చుక్క పెట్టాను, ఐడిల్‌లో వెలుతురు కొట్టాను. గాటు సూది దగ్గర లేదు, సూదిని దాటి అవతల మెరుస్తోంది. అంటే పిస్టన్ పైకి వెళ్ళి తిరిగి దిగడం మొదలుపెట్టాక స్పార్క్ పడుతోంది. డిస్ట్రిబ్యూటర్‌ని లోపలి రోటర్ తిరిగే దిశకు ఎదురుగా తిప్పితే అడ్వాన్స్ (టీడీసీకి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడుతుందో ఆ అంకె) పెరుగుతుంది కదా, స్లాట్ చివరిదాకా తిప్పాను. గాటు కదిలింది, సూదిని కూడా దాటి ఇవతలికి వచ్చింది, అయినా పుస్తకంలో చెప్పిన అంకెకి ఇంకా చాలా దూరంలోనే ఆగిపోయింది. తిప్పడానికి ఇక చోటు లేదు. చెవితో విని సర్దుకునే అలవాటున్న నేను, ఈ లైట్ లేకపోతే ఇంజన్ కాస్త నున్నగా నడిచిన చోట బోల్టు బిగించి వదిలేసేవాడినే.

ఇక్కడ ఈ లైట్‌లోని ఒక లోపం చెప్పాలి. డయల్ 0 నుంచి 60 డిగ్రీల దాకా అడ్వాన్స్ మాత్రమే కొలుస్తుంది. స్పార్క్ టీడీసీ తర్వాత పడుతుంటే డయల్‌తో అంకె రాదు, గాటు ఎంత దూరంలో ఉందో కంటితో అంచనా వేసుకోవాల్సిందే. బాక్స్‌లో ఇచ్చిన కాగితంలో ఆ మాటే లేదు. కొత్తగా కొన్నవాళ్ళు డయల్ తిప్పి తిప్పి లైటే పాడైందనుకుంటారు.

ఇంకో విషయం, లైట్ చెప్పేది స్పార్క్ పడిన క్షణంలో పుల్లీ ఎక్కడుందో అంతే. పుల్లీ మీది సున్నా నిజమైన సున్నానా కాదా అన్నది మనమే తేల్చుకోవాలి. పాత పుల్లీల్లో బయటి రింగుకీ మధ్య భాగానికీ నడుమ రబ్బరు ఉంటుంది, అది వదులైతే రింగు జారి గుర్తు తప్పుతుంది. అందుకే స్పిండిల్ జోలికి వెళ్ళే ముందు ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ని పూర్తిగా పైకి రాకుండా అడ్డుకునే బోల్టు లాంటిది) బిగించి, క్రాంక్‌ని చేత్తో మెల్లగా ఒకవైపు తిప్పి ఆగిన చోట గీత, రెండోవైపు తిప్పి ఆగిన చోట ఇంకో గీత పెట్టాను. సరిగ్గా రెండింటి నడుమ సున్నా గాటు ఉంది. పుల్లీలో తప్పు లేదు.

అప్పుడు స్టాప్ తీసేసి, ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద ఉండేలా క్రాంక్‌ని టీడీసీకి తెచ్చి (ఆయిల్ పోసే మూత తీసి చూస్తే ఒకటో సిలిండర్ క్యామ్ లోబ్‌లు రెండూ కుందేలు చెవుల్లా పైకి ఉండాలి) డిస్ట్రిబ్యూటర్ పీకి రంధ్రంలోకి చూశాను. స్పిండిల్ పై కొనలో ఉండే నాలుక, గడియారంలో 11:25 అయినప్పుడు రెండు ముళ్ళూ కలిసి దాదాపు ఒకే గీతగా ఎటు నిలుస్తాయో అటు నిలవాలి, నాలుకకి రెండు పక్కలా ఉన్న సగాల్లో చిన్నది ముందువైపు ఉండాలి. నాది స్పష్టంగా పక్కకి తిరిగి ఉంది. గేర్ పళ్ళు ఏటవాలుగా ఉండటంతో స్పిండిల్ పైకి ఎక్కుతూ కొంచెం తిరుగుతుంది. మొదటిసారి పంప్ బిగించాక నేను పైనుంచి చూసుకోలేదు, తప్పు అక్కడే జరిగింది. పంప్ మళ్ళీ దించి, స్పిండిల్ మీది చుక్కని పంప్ మీది రంధ్రానికి ఎదురుగా పెట్టి, పంప్‌లో ఆయిల్ నింపి ఎక్కించాను, ఈసారి బోల్టులు బిగించే ముందే నాలుక చూసుకున్నాను. కాయిల్ వైరు తీసి ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ తిప్పాక స్టార్ట్ చేస్తే ఒక్క కిక్కుకే లేచింది.

ఆ తర్వాత డయల్ అసలు ఉపయోగం తెలిసింది. కావాల్సిన అంకె డయల్ మీద పెట్టి, సున్నా గాటు సూదికి ఎదురుగా వచ్చేదాకా డిస్ట్రిబ్యూటర్ తిప్పితే చాలు, పుల్లీ మీద చిన్న చిన్న గాట్లు లెక్కపెట్టే బాధ లేదు. 3000 ఆర్‌పీఎం దాకా లేపి చూస్తే అడ్వాన్స్ ఎక్కడా వణకకుండా సాఫీగా పెరిగింది, అంటే డిస్ట్రిబ్యూటర్‌లో స్ప్రింగులూ బరువులూ బాగానే ఉన్నాయి. పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే కాంటాక్టులు) ఉన్న బండి అయితే ముందు పాయింట్ గ్యాప్ సరిచేసి తర్వాతే ఇదంతా చేయండి, గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది.

నచ్చనివి: వైర్లు పొట్టి, బ్యాటరీ దూరంగా ఉంటే పుల్లీ దాకా సాగదీయాలి, ఆ లాగుడులో వైరు ఫ్యాన్ బెల్టుకి తగలకుండా చూసుకోవడమే టెన్షన్. డయల్ మరీ వదులు, చొక్కా చేయి తగిలినా కదులుతుంది. ఎండలో వెలుతురు చాలదు, నీడలోకి తీసుకెళ్ళాల్సిందే. దయచేసి ఒకటి గుర్తుంచుకోండి, ఈ మెరుపుల్లో తిరుగుతున్న ఫ్యాన్ ఆగిపోయినట్టు కనిపిస్తుంది. చేయి పెట్టకండి.

పాయింట్లు, మామూలు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న పాత బండ్లకి నిస్సంకోచంగా కొనమంటాను, ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఒకే స్ట్రోక్‌లో వరసగా నాలుగైదు స్పార్కులు వేసే మల్టీ స్పార్క్ బాక్స్ పెట్టుకున్నవాళ్ళు మాత్రం డయల్ అంకెని నమ్మవద్దు, తప్పు చూపిస్తుంది. అలాంటివాళ్ళకి డయల్ లేని సాదా లైటూ, పుల్లీ చుట్టూ అంటించే డిగ్రీల టేపూ సరిపోతాయి.