చంద్రగిరి నుంచి కంగుంది దాకా: చీకటి గదులు, మండే గుమ్మాలు

తిరుపతి చుట్టుపక్కల పాత మహళ్లను, పాడుపడిన మండపాలను ఫోటో తీయాలనుకుంటే ముందు క్యాలెండర్ తెరవండి, హోటల్ సంగతి తర్వాత. ఈ ఊరు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు నడుమ మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. ఆ రోజుల్లో ప్రతి చూరు నీడా గోడ పొడవునా కిందికి దిగుతుంది. గూళ్లు నల్లటి రంధ్రాల్లా పడతాయి, మెట్ల అంచులు కనబడవు. మే, జూన్, జూలైలో మధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు నుంచి పడుతుంది. డిసెంబరులో అదే ఎండ దక్షిణం వైపు నుంచి, 53 డిగ్రీల ఎత్తులో వస్తుంది. అప్పుడు దక్షిణపు గోడ మీద పొద్దంతా వెలుగు ఉంటుంది, ఉత్తరపు గోడకు మాత్రం సూర్యుడి ముఖమే కనబడదు. ఏ గోడ ఎటు చూస్తోందో ఫోన్‌లోని దిక్సూచితో సరిచూసుకుని బయల్దేరితే సగం పని అయిపోయినట్టే.

చంద్రగిరి తిరుపతికి పది పన్నెండు కిలోమీటర్లు. చిత్తూరు, మదనపల్లె వైపు వెళ్లే బస్సులు ఆగుతాయి, అక్కణ్నుంచి కోటకు ఆటో. రాజమహల్ మూడంతస్తులు, రాణీమహల్ రెండంతస్తులు. రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కలప వాడలేదు. కప్పు బరువంతా కమానులు, మందపాటి గోడలే మోస్తాయి. అందుకే కిటికీలు లోతుగా ఉంటాయి, వెలుగు గదిలోకి కొద్ది అడుగులే వచ్చి ఆగిపోతుంది. లోపల ఉన్నది కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం. పది నుంచి ఐదు దాకా తెరుస్తారు, శుక్రవారం సెలవు. శుక్రవారం పొద్దున్నే దూరం నుంచి వచ్చి గేటు దగ్గర నిలబడేవాళ్లు తరచూ కనిపిస్తారు.

ఆ ఐదు గంటల మూతవేళే ఇక్కడ అసలు లెక్క. మే చివర్లో సాయంత్రం ఐదుకు సూర్యుడు ఇంకా ఇరవై డిగ్రీల పైన ఉంటాడు, వెలుగు తెల్లగా, మొరటుగా ఉంటుంది. పైగా పొద్దు వాయవ్యం వైపు గుంకుతుంది కాబట్టి దక్షిణపు గోడకు సాయంత్రపు ఎండే తగలదు. డిసెంబరు మూడో వారంలో ఐదుకు సూర్యుడు పది డిగ్రీల ఎత్తుకు దిగి, నైరుతిలో ఉంటాడు. సున్నపు గచ్చు మీది ప్రతి నగిషీకీ పక్కనుంచి నీడ పడుతుంది, రంగు వెచ్చబడుతుంది. అదే టికెట్టు, అదే వేళ, ఫోటో మాత్రం వేరు. ఈశాన్య రుతుపవనాల మబ్బు రోజుల్ని కూడా వదులుకోవద్దు. ఆకాశం చప్పగా వస్తుంది గానీ, లోపలి గదులకు అంతకన్నా మంచి వెలుగు దొరకదు.

ఎందుకంటే లోపల కష్టపెట్టేది చీకటి కాదు, గుమ్మం. ఎండ పడిన ఆవరణకూ లోపలి మూలకూ మధ్య పది స్టాపుల తేడా సులువుగా వస్తుంది (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం, లేదా సగం కావడం). లెన్సు రంధ్రం ఎఫ్/8 (ఈ అంకె తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది), సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 100 దగ్గర బయటి ఎండకు షట్టరు సెకనులో 400వ వంతు తెరిస్తే చాలు. పది స్టాపులు కింద ఉన్న మూలకు రెండున్నర సెకన్లు కావాలి. కెమెరాను ఆటోకు వదిలేస్తే రెంటికీ నడుమ ఏదో పట్టుకుంటుంది. అప్పుడు గుమ్మం తెల్లకాగితం అవుతుంది, మూలలో మచ్చలు తేలతాయి. మాన్యువల్‌లో ఎఫ్/8, ఐఎస్ఓ 100 బిగించి షట్టరు ఒక్కటే మార్చండి: 1/400, 1/100, 1/25, 1/6, 0.6, 2.5 సెకన్లు. ఆరు ఫ్రేములు, ఒక్కోదానికి రెండేసి స్టాపుల తేడా. తర్వాత ఎడిటింగులో వీటిని ఒకే ఫోటోగా కలపాలి. చాలా కెమెరాల్లో డయల్ మూడు క్లిక్కులు తిప్పితే ఒక స్టాపు, కాబట్టి ఫ్రేముకు ఆరు క్లిక్కులు. మొదటి ఫ్రేములో హిస్టోగ్రామ్ (చీకటి ఎడమన, వెలుగు కుడిన చూపే గ్రాఫు) కుడి అంచును తాకకూడదు. చివరి ఫ్రేములో ఎడమ అంచును తాకకూడదు. తాకితే ఆ వైపు ఇంకొకటి తీయాలి. ఫోకస్ ఒకసారి కుదిర్చి మాన్యువల్‌కు మార్చేయండి. లేకపోతే చీకటి ఫ్రేములో లెన్సు వెతుక్కుంటూ పోయి, ఆరింటిలో రెండు మసకబారతాయి. వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకు కెమెరా చేసే సర్దుబాటు) కూడా 5,500 కెల్విన్ దగ్గర కట్టేయాలి. ఆటోలో ఉంచితే కిటికీ నీలం, బల్బు పసుపు ఫ్రేముకొక తీరున మారి, కలిపేటప్పుడు గోడంతా మరకలు పడతాయి.

కలిపేటప్పుడు గుమ్మాన్ని గది అంత మామూలుగా చేయకండి. కంటికి గుమ్మం ఎప్పుడూ కాస్త ఎక్కువ వెలుగే. గదికన్నా ఒకటి, ఒకటిన్నర స్టాపు పైన వదిలేస్తే ఆ చోటు నిజంగా అలాగే ఉందనిపిస్తుంది. గోడ అంచున తెల్లటి వెలుగు గీత కనిపించిందంటే ఎడిటింగు స్లైడర్‌ను మితిమీరి జరిపారన్నమాట.

ఇదంతా ట్రైపాడ్ మీద. కానీ పురావస్తు శాఖ కట్టడాల్లో చేత్తో స్టిల్ ఫోటోలు తీస్తే ఎవరూ అడగరు, ట్రైపాడ్ నిలబెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలి. మ్యూజియం గదుల్లో ఏది తీయొచ్చో కౌంటర్‌లో అడిగి తీరాలి, ఫ్లాష్ ఊసే వద్దు. డ్రోన్ ఇంట్లోనే ఉండనివ్వండి. అనుమతి లేనప్పుడు పనికొచ్చేది గుడ్డసంచి. ఖాళీ సంచి తెచ్చుకుని, తిరుపతిలో కిలో బియ్యం కొని నింపి, కిటికీ అరుగు మీద పెట్టి, దానిమీద కెమెరా ఆనించి రెండు సెకన్ల టైమర్ పెడితే అర సెకను దాకా నిలుస్తుంది. అదీ కుదరకపోతే లెక్క ఇది: ఎఫ్/8 నుంచి ఎఫ్/2.8కి వస్తే మూడు స్టాపులు, ఐఎస్ఓ 100 నుంచి 3200కి వెళ్తే ఐదు. రెండున్నర సెకన్లు కాస్తా సెకనులో 100వ వంతు అవుతుంది, చేత్తో తీయొచ్చు. గరుకు పెరుగుతుంది, ఫోకస్ లోతు తగ్గుతుంది. స్తంభాల వరుసలో ఏ స్తంభం ముఖ్యమో తేల్చుకుని దానిమీదే ఫోకస్ పెట్టాలి.

మహల్ బయట నిలబడి కెమెరాను పైకి ఎత్తితే కట్టడం వెనక్కి వాలినట్టు వస్తుంది. వెనక్కి నడవండి, కెమెరా నిటారుగా పట్టండి, కింద నేల ఎక్కువ వచ్చినా పర్వాలేదు, తర్వాత కోసేయొచ్చు.

కార్వేటినగరం మీద మా అభిప్రాయం కొంచెం కఠినమే. స్కంద పుష్కరిణి రాతిమెట్లు చాలా అందమైనవి, కానీ పొద్దున తొమ్మిది దాటితే సగం మెట్లు ఎండలో, సగం నీడలో చీలిపోతాయి. గాలి లేచి నీటిలో ప్రతిబింబం పోతుంది. తిరుపతి నుంచి పుత్తూరు మీదుగా దాదాపు యాభై కిలోమీటర్లు, కాబట్టి ఐదున్నరకల్లా కారు కదలాలి. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) పెట్టుకోండి, అయితే చివరిదాకా తిప్పొద్దు. నీటి మెరుపుతోపాటు ప్రతిబింబం కూడా కొట్టుకుపోతుంది. వేణుగోపాలస్వామి ఆలయం తితిదే నిర్వహణలో ఉంది, లోపల కెమెరా వద్దు. చంద్రగిరికి రోజంతా ఇవ్వొచ్చు, కార్వేటినగరానికి రెండు గంటలు చాలు.

కంగుంది వేరే లోకం. కుప్పం దగ్గర, పెద్ద పెద్ద గుండ్ల నడుమ జమీందారీ కాలపు కోట, మహల్ శిథిలాలు. బండలెక్కే కుర్రాళ్లు బెంగళూరు నుంచి ఇక్కడికి వస్తారు. మ్యూజియం వేళల బెడద లేదు, కాబట్టి తెల్లవారుజాము మీ చేతిలో ఉంటుంది. కప్పు కూలిన గదుల్లో వెలుగు పైనుంచి పడుతుంది. నడిపొద్దున నేల మండి, గోడలు నల్లగా ఉంటాయి. పొద్దు పొడవకముందు ఇరవై నిమిషాలు మాత్రం ఆకాశమే పెద్ద తెల్లదుప్పటిలా అన్ని మూలలకూ సమంగా వెలుగు పంచుతుంది. ఒక్క ఫ్రేముతో పని అయిపోతుంది. గోడల్లో రావి, మర్రి మొలిచిన చోట ఆకుల పచ్చదనం గచ్చుమీదికి వస్తుంది, రంగు సరిచూసుకునే బూడిదరంగు కార్డు ఒకసారి పట్టి తీసుకుంటే తర్వాత సరిదిద్దొచ్చు. కప్పు మిగిలిన చీకటి గదికి టార్చి వాడండి. ఎఫ్/8, ఐఎస్ఓ 100, ఇరవై సెకన్లు. కెమెరా పక్కనుంచి కాకుండా గోడకు వారగా నిలబడి, చెయ్యి ఆపకుండా సున్నం పూసినట్టు వెలుగు పూయాలి. చెయ్యి ఆగిన చోట తెల్లమచ్చ పడుతుంది.

గబ్బిలాల గదిలోకి ఎన్95 మాస్కు లేకుండా వెళ్లొద్దు. ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. లోపల లెన్సు మార్చడం కూడా వద్దు, ఆ దుమ్ము సెన్సర్ మీద కూర్చుని ఎఫ్/11 దగ్గర ఆకాశంలో చుక్కలై కనిపిస్తుంది. చూరు కింద పెద్ద తేనెపట్టు ఉంటే ఆ పక్కకు ఫ్లాషూ వద్దు, టార్చీ వద్దు.

బస విషయానికొస్తే, చంద్రగిరి, కార్వేటినగరాలకు తిరుపతే దిక్కు. బస్టాండు, రైల్వే స్టేషన్ల చుట్టూ ప్రతి ధరలోనూ లాడ్జీలున్నాయి. తితిదే వసతి భక్తుల కోసం, దాన్ని వాళ్లకే వదలండి. ఇబ్బంది ఎక్కడంటే, మంచి వెలుగున్న డిసెంబరు, జనవరిలోనే వైకుంఠ ఏకాదశి రద్దీ వస్తుంది, అద్దెలు పెరుగుతాయి. ఆ వారం తప్పించలేకపోతే చిత్తూరులో దిగి, గంటన్నర ప్రయాణం భరించడం మేలు. గది తీసుకునేముందు రెండు అడగండి: ఇరవైనాలుగు గంటల చెకౌట్ ఉందా, తాళంకార్డు తీస్తే కరెంటు పోతుందా. పోతే, మీరు బయట తిరిగినంతసేపూ బ్యాటరీలు చార్జి కావు. ఏసీ గదిలోంచి నేరుగా బయటికొస్తే లెన్సుకు ఆవిరి పడుతుంది. అరగంట ముందే సంచిని, జిప్పు తీయకుండా, వరండాలో పెట్టండి. కారు మాట్లాడుకునేవాళ్లకు ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్ల ప్యాకేజీ చంద్రగిరికి సరిపోతుంది, కార్వేటినగరానికి దాటిపోతుంది. కంగుందికి తిరుపతి నుంచి పొద్దున బయల్దేరితే ఎండ నడినెత్తికొచ్చాకే చేరతారు. ముందురోజు కుప్పంలో పడుకోవాలి. బెంగళూరు రైలు మార్గం మీదే ఉంది కాబట్టి రావడం కష్టం కాదు.

చివరిగా ఊరివాళ్ల సంగతి. ఈ ప్రాంతంలో గుప్తనిధుల కోసం పాత గుళ్లు తవ్వేవాళ్ల బెడద ఉంది, శేషాచలం అంచుల్లో ఎర్రచందనం తనిఖీలున్నాయి. తెలియని మనుషులు బరువైన సంచులతో, టార్చిలతో చీకట్లో కనిపిస్తే అనుమానం రావడం న్యాయమే. ముందురోజు సాయంత్రమే వెళ్లి, రచ్చబండ దగ్గర ఉన్న పెద్దాయనకు "సామీ, పొద్దున్నే వచ్చి ఫోటోలు తీసుకుంటాం" అని చెప్పి, కెమెరాలో నాలుగు బొమ్మలు చూపించండి. ఏ గది కప్పు మొన్నటి వానకు కదిలిందో, ఏ మెట్టు మీద కాలు పెట్టకూడదో ఆయనకే తెలుసు.