డెబ్బైల నాటి నాలుగు ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్‌లు: ఏళ్ళ తరబడి విన్నాక

మనలో చాలామందికి ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన రచనలతో, అనేక వాద్యాలతో సాగే రాక్ సంగీత శాఖ) అంటే పింక్ ఫ్లాయిడ్, యెస్, జెనెసిస్, కింగ్ క్రిమ్సన్ బృందాలే. వాటి గొప్పతనాన్ని నేను కాదనను. ఈ సంగీతంలోకి నన్ను తీసుకువచ్చినవీ అవే. అయితే ఏళ్ళు గడిచేకొద్దీ నేను పదే పదే తీసి వింటున్న ఆల్బమ్‌లు అంతగా పేరు పడనివి. 1971 నుంచి 1975 మధ్య వెలువడిన అలాంటి నాలుగింటి గురించి, కొత్తగా విన్న ఉత్సాహంతో కాకుండా, చాలాకాలం విని ఏర్పరచుకున్న అభిప్రాయంతో రాస్తున్నాను. ఆ రోజుల్లో అనేక బృందాలు దొరికిన వాద్యాలన్నింటినీ ఒకే పాటలో వాడాలని, ఆ పాటను ఇరవై నిమిషాల దాకా నడపాలని ఆరాటపడ్డాయి. మొదటిసారి విన్నప్పుడు అబ్బురం కలిగించిన అలాంటి రికార్డులు చాలావరకు నా దగ్గర ఇప్పుడు దుమ్ము పట్టి ఉన్నాయి. నిలిచినవి మాత్రం, ఏదో ఒకదాన్ని కావాలని వదులుకున్నవో, వాద్యం విధించిన హద్దుకు లోబడి అందులోనే దారి వెతుక్కున్నవో.

ముందుగా స్ప్రింగ్. ఇంగ్లండులోని లెస్టర్ నగరానికి చెందిన ఈ బృందం 1971లో తన పేరునే పెట్టి ఒక ఆల్బమ్ విడుదల చేసి, ఆ తరువాత ఎక్కువకాలం నిలవలేదు. వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో రికార్డయిన దీనికి నిర్మాత, ఎల్టన్ జాన్ రికార్డులతో పేరు పొందిన గస్ డడ్జన్. డ్రమ్స్ వాయించిన పిక్ విదర్స్ తరువాతి కాలంలో డైర్ స్ట్రెయిట్స్ బృందంలో చేరాడు. ఈ ఆల్బమ్ ప్రత్యేకత ఏమిటంటే, బృందంలోని ఐదుగురిలో ముగ్గురు మెలొట్రాన్ వాయించడం. మెలొట్రాన్ ఒక కీబోర్డు వాద్యం. దాని ప్రతి మెట్టు కిందా ఒక టేపు ముక్క ఉంటుంది. దానిమీద వయొలిన్ల స్వరమో, ఫ్లూటు స్వరమో, బృందగానమో ముందే రికార్డు చేసి ఉంటుంది. మెట్టును నొక్కితే టేపు కదిలి ఆ స్వరం పలుకుతుంది. దాదాపు ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతుంది కనుక, స్వరాన్ని ఎంతసేపైనా పట్టి ఉంచుదామంటే కుదరదు. వేలు తీసి, టేపు వెనక్కి వెళ్ళాక మళ్ళీ నొక్కాలి. పైగా టేపు వేగం కొద్దిగా అటూ ఇటూ అవుతూ ఉండడం వల్ల స్వరం సన్నగా వణుకుతుంది. ముగ్గురు కలిసి వాయించినప్పుడు ఆ వణుకు పొరలు పొరలుగా వినిపిస్తుంది, అసలైన వయొలిన్ల బృందం ఇవ్వలేని ఒక దిగులు అందులో ఉంటుంది. 'గోల్డెన్ ఫ్లీస్' అనే పాటలో దీన్ని బాగా గమనించవచ్చు. పాటలన్నీ ఇంచుమించు ఒకే నడకలో సాగుతాయి, సాహిత్యం కూడా సాధారణమే. ఈ నాలుగింటిలో నేను అరుదుగా వినేది ఇదే అయినా, మెలొట్రాన్ ధ్వని మీద మమకారం ఉన్నవారు దీన్ని తప్పక వినాలి.

గ్రిఫన్ వారి 'రెడ్ క్వీన్ టు గ్రిఫన్ త్రీ' 1974లో వచ్చింది. ఈ బృందం వదులుకున్నది మాటల్ని: ఇందులో ఉన్న నాలుగు రచనల్లోనూ గానమనేదే లేదు, పూర్తిగా వాద్య సంగీతం. 'ఓపెనింగ్ మూవ్', 'సెకండ్ స్పాజమ్', 'లామెంట్', 'చెక్‌మేట్' అనేవి వాటి పేర్లు. చదరంగం ఆటే మొత్తానికి ఆధారం. బృందాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ హార్వే, బ్రయన్ గలండ్ ఇద్దరూ లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదువుకున్నవారు. ఐరోపా మధ్యయుగపు బాణీలను పాత వాద్యాల మీద వాయించడంతో ఆరంభించి, లండన్ నేషనల్ థియేటర్‌లో షేక్‌స్పియర్ 'టెంపెస్ట్' నాటకానికి సంగీతం సమకూర్చి, ఆ తరువాత ఈ ఆల్బమ్‌కు వచ్చారు. అదే ఏడాది చివర యెస్ బృందంతో కలిసి అమెరికాలో పర్యటిస్తూ, వారికంటే ముందు వేదిక ఎక్కి వాయించారు.

ఇందులోని క్రమ్‌హార్న్ అనే వాద్యం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన నాదస్వరంలో లాగే దీనికీ రెండు పొరల రీడు (ఊదితే కంపించే నాలిక) ఉంటుంది. కాని నాదస్వర విద్వాంసుడు రీడును పెదవుల మధ్య పట్టి స్వరాన్ని వంచుతాడు, గమకం పలికిస్తాడు. క్రమ్‌హార్న్ రీడు మీద ఒక మూత ఉండడం వల్ల వాయించేవారి పెదవి దానికి తగలదు. అందువల్ల స్వరాన్ని పెంచడానికి, తగ్గించడానికి దాదాపు వీలుండదు; పలికే స్వరాలు కూడా ఒక స్థాయిని దాటి మరొక స్వరం దాకా మాత్రమే. ఇంత ఇరుకైన వాద్యాన్ని ఎలక్ట్రిక్ బాస్, డ్రమ్స్, సింథసైజర్ల పక్కన నిలబెట్టాలంటే బాణీని ఎంతో జాగ్రత్తగా కట్టాలి. గ్రిఫన్ ఆ పని చేసి చూపింది. క్రమ్‌హార్న్ పలికేటప్పుడు తక్కినవి తప్పుకుంటాయి. అది ఆగగానే గలండ్ బస్సూన్ కిందిస్థాయిలో అందుకుంటుంది. 'లామెంట్'లో ఈ పొందిక అత్యుత్తమంగా కుదిరింది. పదకొండు నిమిషాలకు చేరువగా సాగే ఆ రచనలో అనవసరమైన వరుస ఒక్కటి కూడా నాకు ఇంతవరకు దొరకలేదు. డ్రమ్స్ ధ్వని పలుచగా ఉండడం, 'ఓపెనింగ్ మూవ్'లో సింథసైజర్ కొన్నిచోట్ల చెవికి గుచ్చుకోవడం ఇందులోని లోపాలు. హెడ్‌ఫోన్లలో ఆ రెండోది ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది కాబట్టి నేను దీన్ని స్పీకర్లలోనే వింటాను.

ఈ నాలుగింటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది మాత్రం కెనడాలోని మాంట్రియాల్‌కు చెందిన ఆర్మోనియం అనే బృందం 1975లో ఫ్రెంచి భాషలో తెచ్చిన రెండో ఆల్బమ్. 'సి ఆన్ అవే బెజ్వాఁ ద్యూన్ సాంకియెమ్ సెజాఁ' అని దాని పేరు. మనకు ఐదో ఋతువు అవసరమైతే, అని అర్థం. మొదటి నాలుగు పాటలు నాలుగు ఋతువులకు, పదిహేడు నిమిషాల చివరి రచన మాత్రం, అసలు లేని ఆ ఐదో ఋతువుకు. రాక్ ఆల్బమ్‌లో ఎవరూ వదులుకోవడానికి సాహసించని దాన్ని వీరు వదులుకున్నారు: ఇందులో డ్రమ్స్ లేవు.

డ్రమ్స్ లేకపోతే లయ ఎక్కడినుంచి వస్తుంది? గాయకుడు, ప్రధాన స్వరకర్త అయిన సెర్జ్ ఫియోరి, మిషెల్ నార్మాందో వాయించే గిటార్ల మీటులో నుంచి, లూయీ వాల్వా బాస్ గిటార్ నడకలో నుంచి వస్తుంది. మొదటి పాట 'వేర్' వసంతానిది. అందులో పియేర్ దేన్యో ఫ్లూటు వాయిస్తూ ఉండగా గిటార్లు తాళాన్ని మోస్తాయి. డ్రమ్స్ ఉండవలసిన చోట ఏ కొరతా వినిపించదు. రెండోదైన 'డిక్సీ' చిన్న పాట, వేసవిది. క్లారినెట్‌తో, పియానోతో అమెరికా పాత జాజ్ పద్ధతిలో ఉల్లాసంగా సాగిపోతుంది. దాని వెంటనే శరదృతువు వస్తుంది. 'దెప్వీ లొటాన్' పది నిమిషాల పైన ఉంటుంది. ఫియోరి గొంతు మొదట ఎంతో దగ్గరగా, ఎదురుగా కూర్చొని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పాట ముందుకు వెళ్ళేకొద్దీ సెర్జ్ లొకా మెలొట్రాన్ వెనుక నుంచి లేచి ఆ గొంతును కమ్ముకుంటుంది. డ్రమ్స్ ఉన్న బృందమైతే ఇక్కడ ఒక పెద్ద దెబ్బతో పాటను పైకెత్తేది. వీరికి ఆ అవకాశం లేదు. గొంతుల మీద గొంతులు చేర్చి, గిటార్ మీటును బిగించి మాత్రమే పైకి వెళ్ళాలి. ఆ ఆరోహణ ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

చివరి రచన పేరు 'ఇస్త్వార్ సాఁ పరోల్', మాటలు లేని కథలు. ఫ్లూటు, పియానో, మెలొట్రాన్ ఒకదాని తరువాత ఒకటి ముందుకు వస్తూ పోతూ ఉండగా, మధ్యలో జూడీ రిచర్డ్స్ గొంతు మాటలు లేకుండా రాగాన్ని మాత్రం ఆలపిస్తుంది. పదిహేడు నిమిషాలూ తొందర లేదు, అయినా సాగతీత కూడా లేదు. మొదట్లో నేను దీన్ని పని చేసుకుంటూ వినేవాడిని. కొన్నేళ్ళుగా ఆ అలవాటు మానుకున్నాను. ఇది నెమ్మదైన సంగీతమే కాని, వెనుక ఎక్కడో మోగుతూ ఉండదగినది కాదు. లోపల జరిగే మార్పులు చిన్నవి, వాటిని గమనిస్తేనే ఇది విప్పుకుంటుంది.

2020లో సిమోన్ లెక్లెర్ ఈ బృందపు పాటలను మాంట్రియాల్ సింఫనీ ఆర్కెస్ట్రా కోసం తిరిగి కూర్చాడు. ఆ ఆల్బమ్‌కు కెనడాలో ఫ్రెంచి మాట్లాడే రాష్ట్రమైన క్యుబెక్‌లో గొప్ప ఆదరణ లభించింది. చాలా శ్రద్ధగా చేసిన పని, కాదనలేము. అయినా మెలొట్రాన్ వణికిన చోట నిండైన వయొలిన్లు, ఖాళీ ఉన్న చోట పూర్తి వాద్యబృందం రావడంతో నా మనసు మళ్ళీ 1975 నాటి రికార్డు వైపే వెళ్ళింది. ఫియోరి 2025 జూన్ 24న, సరిగ్గా క్యుబెక్ జాతీయ పండుగ నాడు కన్నుమూశాడు. ఫ్రెంచి రానివారికి ఈ పాటలు ఎలా పట్టుబడతాయని సందేహించేవారికి నా సలహా ఒక్కటే: మొదట భావం తెలుసుకోకుండానే వినండి, ఆ తరువాత అనువాదం చదివి మళ్ళీ వినండి. ఆ రెండు వినికిళ్ళూ వేరువేరు ఆనందాలు.

ఇక ఇటలీకి చెందిన బాంకో దెల్ మూతువో సొక్కోర్సో. రోమ్ ప్రాంతపు ఈ బృందం 1972లోనే రెండు ఆల్బమ్‌లు తెచ్చింది. మొదటి దాని అట్టను డబ్బులు దాచుకునే హుండీ ఆకారంలో కత్తిరించారు. రెండోది 'డార్విన్!'. జీవపరిణామాన్ని మొదటి నుంచి చివరి దాకా పాటలుగా చెప్పిన ఆల్బమ్ ఇది. ఇందులో గిటార్ ఉంది, కాని అది ముందుకు రాదు. ముందున్నది నొచెంజీ సోదరుల కీబోర్డులు. విత్తోరియో ఆర్గన్, సింథసైజర్ వాయిస్తే, జాన్ని పియానో వాయిస్తాడు. ఒకే బృందంలో ఇద్దరు కీబోర్డు విద్వాంసులు ఉన్నప్పుడు పోటీ మొదలవుతుందేమోనని అనుకుంటాం. వీరు ఒకరు మొదలుపెట్టిన వాక్యాన్ని మరొకరు పూర్తి చేస్తారు. పధ్నాలుగు నిమిషాల మొదటి రచన 'లెవొలూత్సియోనె'లో అది అడుగడుగునా వినిపిస్తుంది.

ఆ వాద్యాల నడుమ ఫ్రాంచెస్కో ది జాకొమొ గొంతు ఉంది. రాక్ గాయకుల్లో ఇంత నిండైన, ఒపెరా గాయకుడికి తగిన గొంతును నేను మరొకటి వినలేదు. ఐదో పాటలో మాట ఇంకా రాని ఒక ఆదిమానవుడు తాను చూసిన స్త్రీ కోసం పరితపిస్తాడు; చెప్పుకోవడానికి వాడికి భాష లేదు. అక్కడ వాద్యాల హోరంతా తగ్గి, ఎక్కువగా పియానో, గొంతు మాత్రమే మిగులుతాయి. వాడి నోట రాలేని మాటలను ఆ గాయకుడు పాడుతున్నాడన్న స్పృహ కలిగాక, ఈ పాటను మధ్యలో ఆపడం నాకు సాధ్యం కాలేదు. మూడో పాట, రాక్షసబల్లుల నాట్యం, నాకు అంతగా నచ్చదు. జాజ్ వైపు తిరిగిన మంచి వాద్యసంగీతమే అయినా కథను ముందుకు నడపదు. ది జాకొమొ 2014లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. కొనదలచినవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: తమ మొదటి రెండు ఆల్బమ్‌లనూ ఈ బృందమే 1991లో మళ్ళీ రికార్డు చేసింది. అందులో ధ్వని శుభ్రంగా ఉన్నా, ఆర్గన్‌లోని గరుకు పోయింది. అట్ట మీద సంవత్సరం చూసి, 1972 నాటి రికార్డింగునే తీసుకోండి.