పడిమొలకల్ని వదిలించుకోవడానికి ఏది మేలు: గుంటకా, మందా, కూలీలా?

కొర్ర కోసిన చేలో శనగ వేసే రైతుకు అక్టోబరు వచ్చేసరికి ఒక టెన్షన్ పట్టుకుంటుంది. కోతప్పుడు రాలిన గింజంతా వానకు మొలిచి చేను మళ్ళీ పచ్చబడుతుంది. వీటినే పడిమొలకలంటాం. ఉమ్మడి కర్నూలులోని కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ వైపూ, కడప జిల్లా జమ్మలమడుగు వైపూ నల్లరేగళ్లలో ఇది తెలిసిన తంటానే. జొన్న, మొక్కజొన్న వేసిన చేలల్లోనూ అంతే. "మన గింజే కదా, మేతకైనా పనికొస్తుందిలే" అని వదిలేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. శనగకు పైనుంచి పడే వాన తక్కువ. నేలలో నిలిచిన పదునే (తేమే) దానికి ఆధారం. ఆ పదునును పడిమొలకలు ముందే తాగేస్తాయి.

వీటిని వదిలించుకోవడానికి నా ఓటు విత్తేముందు తోలే గుంటకకే, అంటే పై మట్టిని అడ్డంగా కోసుకుపోయే కత్తి పరికరానికే. అయితే అది కోత రోజు నుంచే మొదలుకావాలి. కోత కాగానే మడక (నాగలి) లోతుగా దించితే రాలిన గింజ అడుక్కి పోతుంది, ఆనక శనగ సాళ్ల మధ్య ఒక్కొక్కటిగా లేస్తుంది. పైపైనే ఉండనిస్తే కొంత చీమలూ పిట్టలూ తింటాయి, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం ఒక మంచి వానకే కలిసి మొలుస్తుంది. రెండు మూడు ఆకులు వేశాక గుంటక తోలితే చాలావరకు పోతుంది. ఇక్కడ ఒక కిటుకు ఉంది. జొన్న, మొక్కజొన్న లేతగా ఉన్నన్నాళ్లూ వాటి పెరిగే మొగ్గ మట్టి లోపలే ఉంటుంది. అందుకే పైన కొడవలితో కోసినా మళ్ళీ చిగురిస్తాయి. గుంటక నేల లోపల తెగ్గోస్తుంది కాబట్టి ఆ అవకాశం ఇవ్వదు. పై మట్టిని గుల్ల చేసి, పదును ఆరిపోకుండా కూడా కాపాడుతుంది.

చిక్కల్లా వానతోనే. మొలకలు వస్తాయని చూస్తూ కూర్చుంటే విత్తే అదను దాటిపోవచ్చు. అక్టోబరు నడిమికల్లా మొలకలు రాకపోతే ఇక ఆగకుండా విత్తేయడమే మంచిది. పడిమొలకల భయంతో పదును పోగొట్టుకోవడం అసలు లాభసాటి కాదు.

అప్పుడు అక్కరకొచ్చేది మందు. విత్తిన వెంటనే కొట్టే పెండిమిథాలిన్ కొర్ర లాంటి చిన్న గింజను చాలావరకు ఆపుతుంది. జొన్న, మొక్కజొన్న గింజ పెద్దది, లోతు నుంచి కూడా బలంగా లేస్తుంది, కాబట్టి దాని మీద అంత నమ్మకం పెట్టుకోలేం. మొలిచాక అయితే క్విజలోఫాప్ ఇథైల్ లాంటి గడ్డిజాతి మందులున్నాయి. అవి వేరుశనగ లాంటి వెడల్పాకు జాతి పైర్లనూ, ఉల్లినీ వదిలి గడ్డి కుటుంబాన్నే చంపుతాయి. రెండు నుంచి నాలుగు ఆకుల దశలో, నేలలో పదునున్నప్పుడే పనిచేస్తాయి. వాడిన మొక్క మందును సరిగా లాగదు. కొట్టిన మర్నాడే చావలేదని మళ్ళీ కొట్టకండి. నడి ఆకు పట్టి లాగితే ఊడివచ్చేదాకా వారం పైనే పడుతుంది. ఏ మందైనా డబ్బా మీద మీ పైరు పేరుందో లేదో చూశాకే కొనండి.

కూలీలతో తీయించడం శుభ్రమైన పనే, ఖర్చే భరించలేం. అక్కడక్కడ లేచిన మొక్కజొన్నకు, విత్తనం కోసం పెంచే చేలకు సరే.

గొర్రెల్ని తోలడం అనంతపురం వైపు చాలామందికి అలవాటు. కొర్ర మొలకలైతే మందను తోలొచ్చు. జొన్న అయితే మాత్రం వద్దు. లేత జొన్నలో, కోశాక వచ్చే పిలకల్లో, వానలేక వాడిన మొక్కల్లో నాము ఉంటుంది. అది కడుపులో సైనైడుగా మారి గంటల్లో ప్రాణం తీస్తుంది. మందనే నమ్ముకున్న కుటుంబానికి అది తట్టుకోలేని దెబ్బ.

మొక్కజొన్న వేసినవారు ఇంకో సంగతి గమనించాలి. హైబ్రిడ్ గింజ పడి మొలిస్తే తల్లి పంటలా రాదు, ఒక్కో మొక్క ఒక్కో తీరుగా ఉంటుంది, కండె కోసం ఉంచడం దండగ. పైగా 2018లో మన దేశంలో కనిపించిన కత్తెర పురుగుకు అది తర్వాతి పంట దాకా తిండి పెడుతుంది. గట్ల మీద మొలిచినవీ పీకేయాలి.

వరి, జొన్న లాంటి గడ్డిజాతి పైరు తర్వాత మళ్ళీ గడ్డిజాతే వేస్తే మందుల దారి దాదాపు మూసుకుపోతుంది. కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరి మీద వరి వేసేవారి కష్టం ఇదే. రాలిన వరిని చంపే మందు, మనం వేసిన వరినీ చంపుతుంది. అలాంటి మడిలో నేరుగా వెదజల్లడం ఒక కారు (పంటకాలం) ఆపి, మొలకలన్నీ వచ్చాక బాగా దమ్ము చేసి, నీళ్లు నిలబెట్టి సాళ్లలో నాటితే మేలు. సాలు తప్పి లేచింది ఏదైనా పరాయిదేనని తేలిగ్గా గుర్తుపట్టి పీకేయొచ్చు.